గీజర్ ఎప్పుడు వేయాలి? నెల్లూరు, ప్రకాశం ఇళ్లకు చలికాలపు లెక్క

మా ఇంట్లో ఏటా దీపావళి వెళ్లగానే ఒక తగువు మొదలవుతుంది. తెల్లవారుజామున ఐదున్నరకే స్నానానికి వెళ్లే మా అత్తయ్య బాత్రూమ్‌లోంచే కేకేస్తుంది: “ఏమ్మా, ఆ గీజర్ స్విచ్ ఇంకా వెయ్యలేదా? నీళ్లు జివ్వుమంటున్నాయి.” హాల్లో పేపర్ చూస్తున్న మా ఆయన తల ఎత్తకుండానే అంటాడు: “ఇదేమన్నా కాశ్మీరమా అమ్మా? సంక్రాంతి దాకా ఆగకూడదూ?” ఆయన స్నానం చేసేది ఎనిమిదిన్నరకి. ఒకే ట్యాంకు, ఒకే కుళాయి, మధ్యలో మూడు గంటల తేడా. ఇద్దరూ నిజమే చెబుతున్నారని తెలియడానికి నాకు నాలుగైదేళ్లు పట్టింది.

అమెరికాలో ఉన్న మా తమ్ముడి ఇంట్లో అక్టోబరు వచ్చిందంటే ఇల్లంతా వెచ్చబెట్టే హీటింగ్ గురించి గొడవ. ఎప్పుడు వేయాలి, ఎన్ని డిగ్రీలకు పెట్టాలి అని మొగుడూ పెళ్లాల మధ్య రోజూ పంచాయితీ. మనకు ఆ బాధ లేదు. నెల్లూరులో డిసెంబరు, జనవరి రాత్రుల్లో కూడా మామూలుగా 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. ఆ చలికి దుప్పటి చాలు. మనం వెచ్చబెట్టుకోవాల్సింది బకెట్లో నీళ్లు. కాబట్టి గీజర్ స్విచ్ ఎప్పుడు వేయాలో మేడ మీద ట్యాంకును అడగాలి. ఎలా అడగాలో వరుసగా చెబుతాను.

1. ముందు ఏ చలో తేల్చుకోండి

మన ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చలి రెండు రకాలు. ఒకటి వాన చలి, రెండోది మంచు చలి. రెండింటికీ ఒకే మందు వేస్తే కరెంటు బిల్లు పెరగడం తప్ప లాభం లేదు.

వాన చలి అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా. మిగతా రాష్ట్రానికి జూన్‌లో వచ్చే నైరుతి పెద్ద వానాకాలమైతే, నెల్లూరుకు అసలు వానాకాలం ఈశాన్య రుతుపవనాలే. ఆశ్వయుజం, కార్తీకాల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే మూడు నాలుగు రోజులు సూర్యుడు కనిపించడు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఎలా ఉందో మనకు గుర్తే. ఈ రోజుల్లో చిత్రమేమిటంటే, రాత్రి ఉష్ణోగ్రత పెద్దగా పడదు. మబ్బు దుప్పటిలా కప్పి నేల వేడిని పైకి పోనివ్వదు. కానీ పగలు కూడా వేడెక్కదు. గాలికి తడి తోడై ఒళ్లు గజగజలాడుతుంది. ట్యాంకు మీద ఎండ పడదు కాబట్టి పొద్దునా మధ్యాహ్నం సాయంత్రం నీళ్లు ఒకేలా చల్లగా ఉంటాయి.

మంచు చలి మార్గశిరం సగం నుంచి మొదలై పుష్యంలో ముదురుతుంది. ఆకాశం తేటగా ఉంటుంది, నేల వేడంతా రాత్రికి రాత్రి పైకి పోతుంది. తెల్లవారి పొలం గట్ల మీద మంచు, స్కూటర్ సీటు మీద తడి. అదే రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు మేడ మీదికి వెళితే కాళ్లు కాలతాయి. ఈ కాలంలో ట్యాంకు నీళ్లు తెల్లవారుజామున మాత్రమే కొరుకుతాయి. పది దాటితే వాటంతటవే వెచ్చబడతాయి.

కాబట్టి వాన చలికి ఆ మూడు నాలుగు రోజులు వేసి ముసురు విడవగానే ఆపేయాలి. మంచు చలికి రోజూ వేయాలి, పొద్దున పూట మాత్రమే. మా అత్తయ్య దీపావళికి అడిగేది మొదటి రకం చలికి, మా ఆయన సంక్రాంతి అనేది రెండో రకానికి.

ఊరిని బట్టి కూడా తేడా ఉంది. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలి చలిని పడనివ్వదు. లోపలికి పోయేకొద్దీ, ఉదయగిరి కొండల వైపు, నల్లమలను ఆనుకుని ఉన్న గిద్దలూరు, మార్కాపురం వైపు రాత్రులు బాగా చల్లబడతాయి. మా అత్తగారిది కనిగిరి వైపు. అక్కడ పుష్యమాసంలో పొద్దున్నే ఆరుబయట నిలబడి పళ్లు తోముకోవాలంటే నాకు భయం. నెల్లూరులో ఉండే మేనత్త ఇంకా గీజర్ వెయ్యలేదని కనిగిరిలో ఉన్న కోడలు ఆగనక్కర్లేదు.

2. మగ్గు పరీక్ష

ఇది నేను మొదలుపెట్టిన అలవాటు. ఇంట్లో అందరికంటే ముందు లేచే వాళ్లే చేయాలి. పొద్దున్న ఐదున్నర, ఆరు మధ్యలో, మోటారు వేయకముందు, బాత్రూమ్ కుళాయి తిప్పి రెండు మగ్గుల నీళ్లు వదిలేయండి. మొదట వచ్చేవి పైపులో రాత్రంతా నిలిచినవి, అవి లెక్కకు రావు. మూడో మగ్గు పట్టి అందులో మోచేయి ముంచండి. అరచేతిని నమ్మొద్దు. అంట్లు తోమీ బట్టలు ఉతికీ దానికి వేడీ చల్లా తెలియడం మానేసి చాలా కాలమైంది. చంటిపిల్లల స్నానం నీళ్లను మోచేత్తో చూసుకునేది కూడా అందుకే.

చేతి అంచనా చాలదనుకుంటే ద్రవాల్లో ముంచే మామూలు థర్మామీటర్ కొనుక్కోండి. జ్వరం చూసేది పనికిరాదు, అది 35 నుంచే మొదలవుతుంది. నేను కొన్నది పాలు తోడు పెట్టడానికి, తర్వాత అది బాత్రూమ్‌కు బదిలీ అయింది. మూడో మగ్గులో రెండు నిమిషాలు ఉంచి చూడండి.

మా ఇంటి లెక్క ఇది. 26, అంతకంటే ఎక్కువ ఉంటే గీజర్ జోలికి పోను. 23 నుంచి 26 మధ్య ఉంటే పెద్దవాళ్లకు, పిల్లలకు మాత్రమే. 23కి దిగితే అందరికీ. మీ ఇంట్లో ఈ గీత ఒక డిగ్రీ పైకో కిందికో జరగవచ్చు. గీత ఎక్కడున్నా ఒక నియమం మాత్రం వదలొద్దు: వరుసగా రెండు పొద్దుటిపూటలు గీత కిందికి దిగితేనే స్విచ్. ఒక్క రోజు మబ్బుకు కంగారుపడి వేసేవాళ్లు తర్వాత ఆపడం మరిచిపోతారు. అక్టోబరులో ఒక ముసురుకు వేసిన స్విచ్ శివరాత్రి దాకా అలాగే ఉన్న ఇళ్లు నాకు తెలుసు, అందులో ఒకటి మా పుట్టిల్లు.

ట్యాంకు సంగతి కూడా చూసుకోండి. నల్ల ట్యాంకు పగలు ఎండను బాగా పీలుస్తుంది, తెల్లది అంతగా పీల్చదు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు నిండు ట్యాంకు కంటే త్వరగా చల్లబడుతుంది. రాత్రి పడుకునే ముందు ట్యాంకు అడుగంటి ఉంటే పొద్దుటికి మిగిలిన ఆ కాసిని నీళ్లూ మంచుగడ్డలే. మంచు చలి రోజుల్లో సాయంత్రం నాలుగింటికి ఎండ ఉండగానే ట్యాంకు నిండుగా ఉండేలా చూసుకుంటే తెల్లారేసరికి ఒకటి రెండు డిగ్రీలు కలిసొస్తాయి.

3. బోరు ఉన్నవాళ్లు ఈ పని చేసి చూడండి

భూమి లోపలి నీళ్లకు కాలాలు పట్టవు. మన ప్రాంతంలో కాస్త లోతు బోరు నీళ్లు ఏడాది పొడవునా ఇంచుమించు 28, 30 డిగ్రీల దగ్గరే ఉంటాయి. వేసవిలో అవే నీళ్లు చల్లగా, చలికాలంలో వెచ్చగా అనిపిస్తాయి, మారేది మన ఒళ్లే. మా అవ్వ పుష్యమాసంలో కూడా పొయ్యి మీద నీళ్లు పెట్టకుండా నేరుగా బావి దగ్గరే చేది పోసుకునేది. చిన్నప్పుడు అదేదో గొప్ప తపస్సు అనుకునేదాన్ని. తోడిన నీళ్లు పొగలు కక్కుతుండేవని తర్వాత గుర్తొచ్చింది.

పొద్దున ఐదింటికి మోటారు వేసి, నీళ్లు నేరుగా బాత్రూమ్ బకెట్లోకి వచ్చే కుళాయి ఏదైనా ఉంటే అక్కడ పట్టుకోండి. రాత్రంతా ట్యాంకులో నిలిచినవి 22 ఉంటే, తాజా బోరు నీళ్లు 28 ఉంటాయి. ఆ ఆరు డిగ్రీలు ఉచితంగా వచ్చినట్టే. మోటారు నీళ్లు ట్యాంకులోకే వెళ్లే ఇళ్లలో కూడా, రాత్రి నీళ్లు తక్కువగా ఉంచి తెల్లవారుజామున నింపితే ఈ లాభం దొరుకుతుంది. సాయంత్రమే నింపమని పైన చెప్పానే అంటారా? అది మున్సిపల్ నీళ్ల ఇళ్లకు. పెన్నా నీళ్లయినా, ఒంగోలుకు వచ్చే సాగర్ కాలువ నీళ్లయినా చెరువుల్లో, పైపుల్లో నిలిచి వస్తాయి కాబట్టి వాటికి బోరు వెచ్చదనం ఉండదు.

మా వీధిలో బోరు ఉన్న రెండిళ్ల వాళ్లు ఈ పద్ధతితో సంక్రాంతి దాకా గీజర్ వేయకుండా నెట్టుకొచ్చారు. మాది మున్సిపల్ కుళాయి, మాకు ఆ యోగం లేదు.

4. ఎవరికి ముందు

ఇంటి మొత్తానికి ఒకే రోజున గీజర్ వేయాలన్న రూలేం లేదు. బాలింత, నెలల పిల్ల ఉన్న ఇంట్లో మగ్గు పరీక్ష మాటే అక్కర్లేదు, ఏ కాలమైనా వేణ్నీళ్లే. డెబ్బై దాటినవాళ్లు, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు తర్వాతి వరస. చల్లటి నీళ్లు ఒక్కసారిగా నెత్తిన పడితే రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. కార్తీక స్నానమని, పుణ్యమని మొండికేసే పెద్దవాళ్లుంటే కనీసం ముందు కాళ్ల మీద, తర్వాత చేతుల మీద పోసుకుని చివర్లో తల తడుపుకోమనండి. మా అత్తయ్యకు ఈ ఒక్క విషయం ఒప్పించడానికి రెండు కార్తీకాలు పట్టింది.

పెద్దవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. షుగర్‌తో పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు వేడి తెలియదు, తెలిసేసరికి బొబ్బ లేస్తుంది. వాళ్ల నీళ్లు ఇంకొకరు మోచేత్తో చూసి ఇవ్వాలి. 38, 40 డిగ్రీలు చాలు. బకెట్లో ముందు చన్నీళ్లు పట్టి, ఆ తర్వాత వేణ్నీళ్లు కలపాలి.

5. మొదటి రోజు స్విచ్ వేసే ముందు

ఏడెనిమిది నెలలు ముట్టుకోని గీజర్‌ను ఒకేసారి ఆన్ చేసి స్నానానికి వెళ్లకండి. నాకు పాఠం నేర్పింది ఒక నవంబరు. వేసవిలో ఏదో లీకు సరిచేయడానికి వచ్చిన ప్లంబర్ గీజర్ కింద వాల్వ్ కట్టేసి వెళ్లాడు, తెరవడం మరిచాడు, నేనూ చూసుకోలేదు. మొదటి ముసురు రోజు స్విచ్ వేశాను. లోపల ఎన్ని నీళ్లు మిగిలాయో దేవుడికే తెలియాలి. పావుగంటకు లోపల్నుంచి టిక్కుటిక్కుమని చప్పుడు, తర్వాత మాడిన రబ్బరు వాసన. నీళ్లు కాచే ఎలిమెంట్ పోయింది. కొత్తది వేసేదాకా వారం రోజులు గ్యాస్ పొయ్యి మీద డేగిసాతో నీళ్లు కాచి మోశాను. నడుము ఆ ఏడంతా గుర్తుచేసింది.

అందుకని ముందు స్విచ్ ముట్టుకోకుండా వేణ్నీళ్ల కుళాయి పూర్తిగా తిప్పండి. నీళ్లు ఆగకుండా ధారగా వస్తే గీజర్ లోపలి ట్యాంకు నిండి ఉన్నట్టు, వాల్వ్ తెరిచి ఉన్నట్టు. మొదట ఎర్రగానో బురదగానో వస్తాయి, వాసన కూడా ఉండవచ్చు. రెండు మూడు బకెట్లు పోనివ్వండి. మొక్కలకు పోసినా ఫర్వాలేదు.

తర్వాత ప్లగ్గు తీసి చూడండి. పిన్నుల చుట్టూ నల్లబడిందా, సాకెట్ ప్లాస్టిక్ పసుపెక్కిందా? 2 కిలోవాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది, 3 కిలోవాట్లదైతే 13. మామూలు 6 ఆంపియర్ల సాకెట్‌కు అది తగదు. లావు పిన్నుల 16 ఆంపియర్ల సాకెట్, దానికి విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్), 2 కిలోవాట్లకు కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 3 కిలోవాట్లకు 4 ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సుతో గీజర్ నడిపేవాళ్లను చూశాను. వాళ్లతో వాదించను, వాళ్లింట్లో స్నానమూ చేయను.

ఎర్తింగ్ గురించి ఎంత చెప్పినా తక్కువే. తడి ఒంటితో కుళాయి పట్టుకునే చోట ఎర్త్ లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది. పాత ఇళ్లలో, ముఖ్యంగా మూడు పిన్నుల సాకెట్ ఉండి వెనక ఎర్త్ వైరే లేని ఇళ్లలో, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి టెస్ట్ చేయించండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే లీకేజీ వచ్చిన క్షణంలో కరెంటు ఆగిపోతుంది. దాని మీద ఉండే చిన్న టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడాలి, పడిపోతేనే బాగున్నట్టు. గీజర్ మీద ఉండే సేఫ్టీ వాల్వ్ నుంచి వేడెక్కేటప్పుడు నాలుగు చుక్కలు కారడం మామూలే. అది కారుతోందని మూత బిగించేవాళ్లున్నారు, అంతకంటే ప్రమాదకరమైన పని ఇంకోటి లేదు.

ఉప్పు నీళ్ల ఇళ్లవాళ్లు ఒక మెట్టు ఎక్కువ ఎక్కాలి. బోరు నీళ్లలో సున్నపు లవణాలు ఎక్కువైతే ఎలిమెంట్ చుట్టూ తెల్లగా పెంకులా కట్టుకుంటుంది. పుట్టిన వేడి, నీళ్లకు చేరదు, ఎలిమెంట్ మాత్రం కాలిపోతుంది. నీళ్లు కాగేటప్పుడు గరగరమని గులకరాళ్లు దొర్లినట్టు చప్పుడు వస్తే అదే సంగతి. లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది, ట్యాంకుకు పట్టాల్సిన తుప్పు తనకు పట్టించుకుని అరిగిపోతుంది. మంచి నీళ్లున్నచోట రెండేళ్లు వచ్చే కడ్డీ ఉప్పు నీళ్లలో ఏడాదికే తీగలా మిగులుతుంది. సీజన్‌కు ముందు ఒకసారి మెకానిక్‌తో విప్పించి ఎలిమెంట్ గీకించి, కడ్డీ చూపించుకోండి. నవంబరు ముసుర్లో పిలిస్తే ఎవరూ దొరకరు, దసరా సెలవుల్లోనే పిలవండి. కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఫ్లోరైడ్ నీళ్లున్నవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి: కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. గీజర్ నీళ్లు వంటకూ తాగడానికీ వాడకండి.

6. ఎంతసేపు వేయాలి

పొద్దున్న వేసి అందరి స్నానాలూ అయ్యాక తొమ్మిదికి ఆపే ఇళ్లే ఎక్కువ. అంతసేపు అక్కర్లేదు. లెక్క చూడండి. 15 లీటర్ల గీజర్‌లో 23 డిగ్రీల నీళ్లు 60కి కాగడానికి ముప్పావు యూనిట్‌కు కాస్త తక్కువ, అంటే దాదాపు 0.65 యూనిట్ పడుతుంది. 2 కిలోవాట్ల ఎలిమెంట్‌కు అది ఇరవై నిమిషాల పని. ఆ 15 లీటర్లకు చన్నీళ్లు కలిపితే 40 డిగ్రీల నీళ్లు 30 లీటర్ల దాకా వస్తాయి, ఒకటిన్నర బకెట్. ఒక మనిషి బకెట్ స్నానానికి 0.4 యూనిట్ చాలు. షవర్ కింద పాట అందుకున్నారంటే ఈ లెక్కలేవీ పనిచేయవు.

నలుగురున్న ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు వెంటవెంటనే స్నానం చేస్తే రోజుకు రెండు యూనిట్లలోపు అయిపోతుంది. ఒకరు ఆరింటికి, ఇంకొకరు ఎనిమిదికి, మరొకరు పదికి అంటే మధ్యలో ట్యాంకు చల్లారుతూ మళ్లీ కాగుతూ ఉంటుంది. ఎంత చల్లారుతుందో గీజర్ మీద అంటించిన స్టార్ లేబుల్ చెబుతుంది. కాగిన నీళ్లు వాడకుండా ఊరికే నిలిచి ఉంటే 24 గంటల్లో ఎన్ని యూనిట్ల వేడి పోతుందో దాని మీద రాసి ఉంటుంది. కొనేటప్పుడు ఎవరూ చదవని వరస అదే.

నాబ్ మరీ పైకి తిప్పకండి. 55, 60 మధ్య చాలు. అంతకంటే తగ్గించి రోజంతా గోరువెచ్చగా ఉంచడం కూడా మంచిది కాదు, ఆ వేడిలో బ్యాక్టీరియా బాగా పెరుగుతుంది. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు గీజర్ వేయకండి, స్నానం కూడా కాసేపు ఆపుకోండి. పిడుగు దెబ్బ పైపుల వెంట కూడా వస్తుంది.

7. బిల్లు: ఏసీ, గీజర్ ఒకే నెలలో పడితే

నెల్లూరు జిల్లా దక్షిణ డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) కింద, ప్రకాశం మధ్య డిస్కం కింద ఉన్నా ఇంటి కరెంటు శ్లాబులు ఒకటే. 2022లో వచ్చిన శ్లాబుల ప్రకారం 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75. ఇతర చార్జీలు దీనికి అదనం. గీజర్‌కు నెలకు 60 యూనిట్లు అనుకుందాం. అవి 6 రూపాయల శ్లాబులో పడితే 360, పై శ్లాబులో పడితే 525.

కాబట్టి అసలు జాగ్రత్త అక్టోబరులో. పగలు ఉక్క, రాత్రి ఏసీ. మధ్యలో ఒక వాయుగుండం, గీజర్. రెండూ ఒకే మీటర్ రీడింగ్‌లో పడతాయి. మా ఇంట్లో పెట్టుకున్న ఒప్పందం: ఏసీ ఆపిన తర్వాతే గీజర్. వాన రోజుల్లో ఉక్కగా ఉంటే ఏసీని డ్రై మోడ్‌లో గంట వేసి తేమ తగ్గాక ఫ్యాన్ పెట్టుకుంటాం. డిసెంబరులో ఏసీకి ఎంసీబీ కట్టేసి, ఫిల్టర్లు కడిగి ఆరబెట్టి పెట్టేస్తాను. ఫ్యాన్ మాత్రం జనవరిలో కూడా ఒకటి మీద తిరగాల్సిందే. చలికి కాదు, నెల్లూరు దోమలకు.

గ్యాస్ మీద కాచుకుంటే మిగులుతుందా అని అడుగుతారు. బకెట్ నీళ్లకు ఇంచుమించు 50 గ్రాముల గ్యాస్ పడుతుంది. 14.2 కిలోల సిలిండర్ 900 అనుకుంటే అది మూడు రూపాయల పైచిలుకు. 6 రూపాయల శ్లాబులో గీజర్‌కు రెండున్నర, పై శ్లాబులో మూడున్నర. తేడా చిల్లరే. కాగే నీళ్లు మోసుకెళ్లేటప్పుడు కాలు జారితే అయ్యే ఖర్చు ఈ లెక్కలో లేదు.

గీజర్ లేని ఇళ్లు

అద్దె ఇళ్లలో, హాస్టళ్లలో ఇమ్మర్షన్ రాడ్డే దిక్కు. అది పని చేస్తుంది, చవక కూడా. కానీ దాంతో ఆటలొద్దు. స్టీలు, అల్యూమినియం బకెట్లో పెట్టకూడదు. ప్లాస్టిక్ బకెట్ అంచుకు రాడ్ తగలకుండా కర్ర అడ్డం పెట్టి వేలాడదీయాలి. రాడ్ మీద గీత దాకా నీళ్లుండాలి. నీళ్లు వేడెక్కాయో లేదో చూడాలంటే ముందు స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, అప్పుడు వేలు పెట్టాలి. పిల్లలున్న ఇంట్లో బాత్రూమ్ తలుపుకు బయట గొళ్లెం పెట్టుకోవాలి.

గ్యాస్ గీజర్ పెట్టించుకున్నవాళ్లు దాన్ని బాత్రూమ్ బయట, గాలి ఆడేచోట మాత్రమే బిగించాలి. మూసిన గదిలో మంట మండితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, ఊపిరాడటం లేదని తెలిసేలోపే స్పృహ పోతుంది.

సోలార్ వాటర్ హీటర్ మనకు బాగా పనికొస్తుంది, జనవరి ఎండకు నీళ్లు చుర్రుమంటాయి. దాని బలహీనత ముసురు. నీళ్లు కావాలనిపించే ఆ మూడు నాలుగు రోజులే సూర్యుడు సెలవు పెడతాడు. లోపల కరెంటు ఎలిమెంట్ ఉన్నది తీసుకోండి. పల్లెల్లో తాటి మట్టలు, కొబ్బరి మట్టలు, సరుగుడు, జామాయిల్ పుల్లలు దొరికేచోట పెరట్లో నీళ్ల పొయ్యి, దాని మీద కాగు ఉంటే వీటన్నింటి గురించి చదవనక్కర్లేదు. ముసురుకు ముందే పుల్లలు వసారాలో సర్దుకుంటే చాలు.

గదికి హీటర్ కావాలా?

వద్దు. మన కాంక్రీటు ఇళ్లు పగటి ఎండ మింగి రాత్రంతా వదులుతూ ఉంటాయి. రాత్రి పడమటి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. పైగా 2 కిలోవాట్ల రూమ్ హీటర్ గంటకు రెండు యూనిట్లు తాగుతుంది. వేడీ చల్లా రెండూ ఇచ్చే ఏసీ అని షోరూమ్‌లో చెబితే, ఆ వేడి బటన్ ఏడాదికి ఎన్ని రోజులు నొక్కుతారో అడిగి చూడండి. గిద్దలూరు వైపైనా కిటికీ కింది సందులు మూసి, చల్లటి గచ్చు మీద చాపో బొంతో పరిస్తే చలి సగం తగ్గుతుంది. కీళ్ల నొప్పులున్నవాళ్లకు వేణ్నీళ్ల సంచి దుప్పట్లో పెట్టుకుంటే చాలు.

ఒక్క బాలింత గది విషయం వేరు. కాన్పు గది 25 డిగ్రీలకు తగ్గకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన దగ్గర తలుపులు వేసుకుంటే గది మామూలుగా ఆ వేడిలోనే ఉంటుంది. ముసురులో తగ్గితే పసిబిడ్డకు టోపీ, మేజోళ్లు వేసి తల్లి ఒంటికి ఆనించి పడుకోబెట్టడమే మందు. బొగ్గుల కుంపటి మాత్రం మంచం కింద పెట్టి తలుపులు మూయొద్దు. గ్యాస్ గీజర్ దగ్గర చెప్పిన విషవాయువే అక్కడా వస్తుంది. సాంబ్రాణి వేయాలని పెద్దవాళ్లు పట్టుబడితే వాకిట్లో తలకు పట్టించి లోపలికి రండి.

8. ఎప్పుడు ఆపాలి

వేయడం అందరికీ గుర్తుంటుంది, ఆపడమే ఉండదు. మాఘానికి మాకులు వణుకుతాయని సామెత ఉంది కానీ, సముద్రం దగ్గర మనకు సంక్రాంతి దాటాక వారం పది రోజులకే పట్టు సడలుతుంది. రథసప్తమి నుంచి మళ్లీ మగ్గు పరీక్ష మొదలుపెట్టండి. వరుసగా మూడు రోజులు 26 దాటితే ఆపేయడమే. కొండల వైపు ఊళ్లలో శివరాత్రి దాకా, చలి శివశివా అని వెళ్లిపోయేదాకా ఆగవచ్చు.

ఆపిన రోజు స్విచ్‌తో సరిపెట్టకుండా ఎంసీబీ కూడా దించండి. కొన్ని నెలలు వాడరు కాబట్టి మెకానిక్ చూపించిన పద్ధతిలో లోపలి నీళ్లు దింపేస్తే ఉప్పు నీళ్ల ఇళ్లకు మంచిది. అలా దింపితే గీజర్ మీద ‘నీళ్లు లేవు’ అని చీటీ అంటించండి. నేను ఇంకో పని కూడా చేస్తాను. స్విచ్ వేసిన తేదీ, ఆపిన తేదీ, ఆ రోజు థర్మామీటర్ చూపించిన అంకె గీజర్ పక్కన టైల్ మీద మార్కర్‌తో రాస్తాను. నాలుగేళ్ల తేదీలున్నాయి అక్కడ. పోయిన దీపావళికి మా అత్తయ్య కేకేసినప్పుడు మా ఆయన లేచి వెళ్లి ఆ టైల్ చూసొచ్చాడు. తర్వాత ఏమీ అనకుండా స్విచ్ వేసి, మళ్లీ పేపర్ తీసుకున్నాడు.